డబ్బాలో వెయ్యని తూటా

వెల్డా క్రిడర్ ఎడమ జబ్బలో ఇప్పటికీ మూడు సీసపు గుళ్లున్నాయి. వాన పట్టేముందు సలుపుతాయి. అవి ఎవరి చలవ అని కొత్తవాళ్లెవరైనా అడిగితే, పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా గరిటెతో మొగుణ్ణి చూపించేది. "ఈయనగారే. నన్ను కాల్చి, ఆ పాపం కడుక్కోడానికి పెళ్లాడాడు" అనేది. హర్షెల్‌కి చెవులు మందగించి పదేళ్లు దాటినా, ఈ ఒక్క మాట మాత్రం ఏ గదిలో ఉన్నా వినపడేది. "నేను పేల్చింది ఒక్కసారి. యాభై ఏళ్లుగా నువ్వు పేలుస్తున్నవాటికి లెక్కుందా?" అనేవాడు.

మా డ్రై ఫోర్క్ లోయలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఓజార్క్ కొండల్లో ఇంకా చాలా లోయలున్నాయి, వాళ్లకీ చెప్పుకోడానికి ఏవో ఉంటాయి. కానీ పెళ్లికూతుర్ని అడవికోడి అనుకుని కాల్చినవాడు మాకు మాత్రమే ఉన్నాడు. ఆ విషయంలో మాకు కాస్త గర్వం కూడా.

అసలు వెల్డా చిన్నతనంలో మా కొండల మీద అడవి టర్కీ కోడి అన్నదే లేదు. అంతకు ముందు తరాలవాళ్లు రైలు పట్టాల కింద దిమ్మల కోసం ఓక్ చెట్లన్నీ నరికేశారు. మిగిలిన కోళ్లని ఏడాది పొడుగునా, గుడ్ల మీద కూర్చున్న పెట్టలతో సహా కాల్చుకు తిన్నారు. తిన్నవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, ఆకలి మీద ఉన్నారంతే. అన్నీ అయిపోయాక లోయలో మిగిలింది వెల్డా తాత ఏసా దగ్గరున్న ఎముక ఈల. టర్కీ పెట్ట రెక్కలోని మూడు ఎముకల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి, సందుల్లో తేనెమైనం పూసి చేసినది. పెదవులకి ఆనించి గాలి లోపలికి పీలిస్తే అచ్చం పెట్ట పిలిచినట్టే పలుకుతుంది. ఏసా ప్రతి వసంతంలోనూ పొద్దున్నే వసారా మెట్టు మీద కూర్చుని ఆ ఈల పలికించేవాడు. జవాబు చెప్పడానికి కొండ మీద ఏముంది గనక? చచ్చిపోయిన చుట్టానికి ఉత్తరాలు రాస్తున్నాడని జనం నవ్వుకునేవారు.

ముసలాయన పట్టించుకోలేదు. పైగా మనవరాలికి కూడా నేర్పాడు. చెట్టు మీద ఉండగా పెట్ట నిద్రకళ్లతో గొణిగే గొణుగు, కిందకి దిగేటప్పుడు చేసే గోల, పుంజుని రమ్మని పిలిచే పిలుపు, గింజలు ఏరుకుంటూ తృప్తిగా తీసే కూనిరాగం. ఇవన్నీ అయ్యాక చివరగా బెదురు కూత. అది ఒక్క "టక్". ఆ ఒక్కటి వినపడితే చాలు, అడవిలో ఉన్న ప్రతి కోడీ మెడ నిక్కించి చూసి మాయమైపోతుంది. వెల్డాకి ముందు పళ్లు రెంటి మధ్యా సందు ఉంది. ఆ సందు పుణ్యమా అని ఆమెకి ఈల కూడా అక్కర్లేకపోయింది, నోటితోనే అన్నీ పలికేది. ఆ పక్షిని కంటితో చూడకుండానే పక్షి భాష మొత్తం నేర్చుకుంది.

భాషతో పాటు తాత రెండు కట్టుబాట్లు కూడా నేర్పాడు. పిలిచే మనిషి తుపాకీ పట్టకూడదు. నోటితో నమ్మించడమూ చేత్తో చంపడమూ ఒక్కరి వశమే అయితే ఆ మనిషికి ఇక అడ్డూ అదుపూ ఉండదని ఆయన నమ్మకం. రెండోది, ఎవరికోసం పిలుస్తున్నావో వాళ్లని మోసం చెయ్యకూడదు. బాగా పిలవగలిగి ఉండీ కావాలని చెడగొట్టడం, పక్కన కూర్చున్నవాడి జేబు కొట్టడంతో సమానం అనేవాడు.

వెల్డాకి పదకొండో ఏడు నడుస్తుండగా వన్యప్రాణి శాఖవాళ్లు వచ్చారు. అంతకు రెండేళ్ల ముందు ఒకసారి వచ్చి, దొడ్లో పెంచిన టర్కీ కోళ్లని కొండ మీద వదిలి వెళ్లారు. అవి సాయంత్రానికల్లా కొండ దిగి, కొత్తల్లుళ్లలా పొలం గేటు దగ్గర గింజల కోసం నిలబడ్డాయి. వారం తిరక్కుండా నక్కలు అన్నింటినీ సద్దేశాయి. ఈసారి తెచ్చినవి అలాంటివి కావు. ఎక్కడో దూరపు అడవిలో వల వేసి పట్టిన అసలైన అడవి కోళ్లు, తొమ్మిది పెట్టలు, మూడు పుంజులు. అట్టపెట్టె మూత తీసీ తియ్యగానే చెట్ల మీదుగా ఎగిరిపోయాయి, వెనక్కి తిరిగి చూసింది ఒక్కటీ లేదు. అది చూసి ఏసా "ఇవి మనవి" అన్నాడట.

ఆ రాత్రే లోయలో తుపాకీ ఉన్న ప్రతి ఇంటివాడూ ఏసా వంటింటికి వచ్చి ఒక ఖాళీ కాఫీ డబ్బాలో ఒక్కొక్క తూటా వేశాడు. పక్షులు నిలదొక్కుకునేదాకా కాల్చం అని మాట. కాగితం లేదు, సంతకం లేదు. షరతు మాత్రం ఒకటి ఉంది. అందరి తూటాలూ పడాలి, ఒక్కటి తగ్గినా మాట ఎవరికీ చెల్లదు. ఆ రాత్రి ఒక్కటీ తగ్గలేదు.

మరుసటి వసంతంలో ఏసా మెట్టు మీద కూర్చుని ఈల నోట పెట్టాడు గానీ ఊపిరి చాల్లేదు. పక్కనున్న పిల్లని పిలవమన్నాడు. వెల్డా పిలిచింది. కొండ మీద నుంచి పుంజు గడగడా కూసి జవాబిచ్చింది. ముసలాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. వేట మళ్లీ తెరిచేనాటికి ఆయన లేడు. ముప్పై ఏళ్లు పిలిచినవాడు ఒక్క పక్షినీ వేటాడకుండానే వెళ్లిపోయాడు.

ఇక జబ్బలోని గుళ్ల సంగతి. వెల్డాకి ఇరవయ్యో ఏడు. నాన్న కోసం పిలవడానికి తెల్లవారుజామున గట్టు మీద ఒక చెట్టు మొదట్లో కూర్చుంది. చలిగా ఉందని తలకి ఎర్ర రుమాలు కట్టుకుంది. అది ఆమె తప్పు. వసంతంలో పుంజు తల ఎరుపూ తెలుపూ నీలమూ కలిసి ఉంటుంది, అందుకని అడవిలో ఆ రంగులు ఎవరూ తొడగరు. గట్టు అవతలి లోయనుంచి హర్షెల్ అనే ఇరవైనాలుగేళ్ల కుర్రాడు పెట్ట కూత విని, పక్కన పుంజు ఉండి తీరాలనుకుని, పాకుతూ వచ్చాడు. అది అతని తప్పు. కూసేది మనిషే అయ్యుండొచ్చు గనక, పెట్ట కూత వైపు నడిచేవాణ్ణి మా వైపు పిచ్చివాడంటారు. పొదలో ఎరుపు కదిలింది, అతను పేల్చాడు. తరవాత మూడు మైళ్లు ఆమెని భుజాన వేసుకుని పరిగెత్తాడు. దారి పొడుగునా అతను ఏడుస్తూనే ఉన్నాడని, ఓదార్చలేక తన ప్రాణం విసిగిందని వెల్డా చెప్పేది.

డాక్టరు తొమ్మిది గుళ్లు తీసి, లోతుగా ఉన్న మూడింటినీ వదిలేశాడు. హర్షెల్ ప్రతి ఆదివారం క్షమాపణకి వచ్చేవాడు. ఒకసారి తేనె, ఒకసారి జొన్నబెల్లం పాకం, ఒకసారి పందిపిల్ల. ఆరో ఆదివారం రెండో పందిపిల్లతో దిగేసరికి వెల్డా నాన్న గేటు దగ్గరే ఆపి, క్షమాపణలు కట్టేసుకోడానికి కొట్టంలో ఇంక చోటు లేదు, పిల్లకిష్టమైతే పెళ్లి చేసుకో అన్నాడు. పిల్లకి నాలుగో ఆదివారం నుంచే ఇష్టం.

హర్షెల్ మంచి గురి ఉన్నవాడు, కానీ పిలవడం మాత్రం చేతకాదు. ఎముక ఈల ఇచ్చినా, మూత రాస్తే కూసే చెక్కపెట్టె ఇచ్చినా, పలక మీద పుల్ల గీసినా, అతను ఏ కూత కూద్దామనుకున్నా చివరికి వచ్చేది "టక్". మార్చిలో ఫైర్ స్టేషన్‌లో జరిగే పిలుపుల పోటీకి ఏటా వెళ్లేవాడు, ఏటా ఆఖర్న వచ్చేవాడు. ఒక ఏడు నిర్వాహకులు అతనికి ప్రత్యేకంగా ఒక చెక్క బిళ్ల బహూకరించారు. దాని మీద "పక్షుల ప్రాణదాత" అని చెక్కించారు. దాన్ని హర్షెల్ గోడకి తగిలించుకున్నాడు.

అలా యాభై వసంతాలు ఆ ఇద్దరూ ఒకే తెల్ల ఓక్ చెట్టుకి ఆనుకుని కూర్చున్నారు. ఆమె పిలిచేది, అతను కాల్చేవాడు. ఏడాదికి ఒక పుంజు, అంతకు మించి లేదు. రంపపు మిల్లులో పనిచేసి అతని చెవులు పోయాక, పుంజు కూత వినపడినప్పుడల్లా ఆమె అతని మోకాలు ఒకసారి నొక్కేది. దగ్గరికొచ్చేకొద్దీ నొక్కు గట్టిపడేది. ఇంట్లో అయితే అతను ఎవరు మాట్లాడినా మూతి వంక చూసేవాడు. చూడ్డం దేనికని ఆమె విసుక్కుంటే, మాట కోసం కాదు, మూతి బాగుంటుందని అనేవాడు.

వెల్డా ముప్పై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపింది. బస్సులో ఉన్నా, తరవాత సొంత పికప్‌లో ఉన్నా, జులై ఆగస్టుల్లో దారి పక్క కనిపించిన ప్రతి పెట్టనీ, వెనకాల నడిచే ప్రతి పిల్లనీ ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకునేది. ఒకప్పుడు డెబ్బై ఎనభై పిల్లలు కనిపించేవి. తరవాత నలభై. తరవాత ఇరవై. జూన్ వానలకి తడిసి కొన్ని చచ్చిపోతున్నాయి. రక్కూన్‌లు గుడ్లు తినేస్తున్నాయి, వాటి తోలుకి ధర పోయాక వాటికి బోను పెట్టేవాళ్లూ లేరు. గడ్డి కూడా ఇదివరకటిలా ఆగి కొయ్యడం లేదు, గూళ్ల మీదుగా యంత్రం నడిపేస్తున్నారు. చివరికి ఒక వేసవిలో వెల్డా పుస్తకంలో ఏడు పెట్టలు, నాలుగు పిల్లలు. గట్టు మీద పెద్ద పుంజు ఒక్కటే మిగిలింది. దాన్ని అందరం జడ్జి అంటాం. ఎవరు పిలిచినా నిదానంగా నిలబడి పూర్తిగా వింటాడు, ఏ అర్జీనీ మంజూరు చెయ్యడు. నాలుగేళ్లుగా లోయలో ప్రతి మగాడి అర్జీ కొట్టేశాడు.

మరుసటి మార్చిలో ఫైర్ స్టేషన్‌లో చిక్కుళ్లూ మొక్కజొన్న రొట్టే తిన్నాక వెల్డా లేచి, తాతనాటి కాఫీ డబ్బా బల్ల మీద పెట్టింది. రెండు వసంతాలు ఆగుదామంది. ప్రభుత్వం వేట మూసెయ్యలేదు, తెలుసు, ఆగేది మన ఇష్టం మీదే అంది.

అందరూ బూట్ల వంక చూసుకున్నారు. మా వాళ్లకి కోపం వచ్చినా సిగ్గేసినా చూసేది బూట్లవంకే. చివరికి ఆ స్టేషన్ కెప్టెన్, దాణా కొట్టు నడిపే గార్లండ్, నోరు విప్పాడు. అతను హర్షెల్‌కి చిన్నాన్న కొడుకు, వరస కలిసిందని వెల్డాతో ఎంతైనా వాదిస్తాడు. మనం ఆగితే పక్క లోయవాళ్లు ఆగుతారా అన్నాడు. ఆ తరవాత అసలు మాట అన్నాడు.

"రెండేళ్లు వేట లేకపోతే, కుర్రకారు ఈ కొండెక్కడమే మర్చిపోతారు వదినా. మీ తాత ఇచ్చింది మనతోనే ఆగిపోద్ది."

"మా తాత ఇచ్చినప్పుడు కొండ మీద ఒక్క ఈకైనా ఉందా గార్లండూ?" అంది వెల్డా. "పక్షి ఉంటే వేట ఎప్పుడైనా మొదలెట్టుకోవచ్చు. పక్షే పోయాక నువ్వు కుర్రకారుకి ఏం నేర్పుతావు, దాణా అమ్మడమా?"

గార్లండ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. లేచి మొదటి తూటా అతనే వేశాడు. తరవాత ఒకరొకరే వచ్చారు. ఇత్తడి అంచు మీద ఎవరి పేరు వాళ్లు మేకుతో గీసి మరీ వేశారు. పదహారు పడ్డాయి. ఇక పడాల్సిన పదిహేడోది హర్షెల్‌ది.

హర్షెల్ లేవలేదు. చెయ్యి జేబులో ఉంది, జేబులోనే ఉండిపోయింది. "ఇవాళ కాదు" అన్నాడు.

అందరూ మళ్లీ బూట్ల వంక చూసుకున్నారు. చలికాలంలో అతను గుండె జబ్బుతో రెండుసార్లు ఆసుపత్రిలో చేరాడు. ఇంకో వసంతానికి ఉంటాడని డాక్టరు గట్టిగా చెప్పలేదని లోయంతా తెలుసు. రెండేళ్లు ఆగుదాం అని డెబ్బయ్యారేళ్ల రోగిష్ఠి మనిషితో అంటే, నీకిక వేట లేదు అని మొహం మీద చెప్పినట్టే. గార్లండ్ మెల్లిగా డబ్బా మూత పెట్టి, వేట మొదలయ్యే రోజు మధ్యాహ్నం దాకా చూద్దాం, అన్న వెయ్యకపోతే ఎవరి తూటా వాళ్లు తీసేసుకుందాం అన్నాడు.

ఇంటికొచ్చాక మూడు రోజులు వెల్డా మాట్లాడలేదు, వంటింట్లో గిన్నెలే మాట్లాడాయి. అతని మీద కోపం ఉంది. అంతకంటే ఎక్కువగా తన మీద తనకి కోపం ఉంది. డబ్బా బల్ల మీద పెట్టేముందు ఈయన సంగతి ఎలా తట్టలేదు? తట్టింది. తట్టినా పెట్టింది. నాలుగో రోజు అన్నం బల్ల దగ్గర హర్షెల్ ఆమె మూతి వంక చూస్తూ అడిగాడు.

"నాకోసం పిలుస్తావా పిల్లా?"

ఒళ్లో అణగని పిల్లుల్లా రెండు ఆలోచనలు ఆమెలో కొట్టుకున్నాయి. ఆయన జడ్జిని కొడితే మాట చెల్లదు, మిగతా పదహారుగురూ కొండెక్కుతారు, తాత విని ఏడ్చిన కూత తన కళ్లముందే ఆగిపోతుంది. పిలవనంటే, ఆయనకి ఇక మిగిలిన ఒక్క పొద్దూ తనే లాక్కున్నట్టు. యాభై ఏళ్లలో ఆయన తనని అడిగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"పిలుస్తాను" అంది.

ఆ మాట అన్నాక వారం రోజుల పాటు ఆమెకి బుర్రలో ఒకటే మెదిలింది. ఒక్క "టక్". చిన్నగా, పళ్ల సందులోంచి. ఆయన చెవులకి చేరదు. జడ్జి వెళ్లిపోతాడు. పక్షిదే జాణతనం అనుకుంటాడు, ఎవరి మీదా కోపం ఉండదు. డబ్బా నిండుతుంది. ఇంత తేలికైన ఉపాయం దేవుడే చూపించాడనిపించేది. చూపించింది దేవుడు కాదని కూడా అనిపించేది.

ఏప్రిల్ మూడో సోమవారం. ఇంకా మసకగా ఉండగానే ఇద్దరూ కొండెక్కారు. దారిలో అతను మూడుసార్లు ఆగాడు. ఆగిన ప్రతిసారీ వంగి, పుట్టగొడుగులు మొలిచాయేమో చూస్తున్నట్టు నటించాడు. ఆమె కూడా వంగి వెతుకుతున్నట్టు నటించింది. చివరికి తెల్ల ఓక్ దగ్గర భుజానికి భుజం ఆనించి కూర్చున్నారు. అతను తుపాకీ మోకాలి మీద పెట్టుకున్నాడు. తూటా లోపల పెట్టినప్పుడు ఇత్తడి అంచు మీద గీసిన పేరు ఆమెకి కనపడింది.

తెల్లపూల చెట్లు కనిపించేపాటి వెలుగు రాగానే ఆమె నిద్రలేచిన పెట్టలా సన్నగా గొణిగింది. పైగట్టు నుంచి జడ్జి గడగడమన్నాడు. ఆమె అతని మోకాలు నొక్కింది. అతని మొహం విప్పారింది. ఇరవై ఏళ్ల కుర్రాడి మొహం ఎలా విప్పారుతుందో అలాగే, చూడ్డానికి ఆమెకి బాధేసింది.

పిలిచింది. జవాబు వచ్చింది, నొక్కింది. మళ్లీ పిలిచింది. ఇంకాస్త గట్టిగా నొక్కింది. రెక్కల చప్పుడు, నేల మీదకి దిగాడు. ఎండుటాకుల్లో అడుగులు. కాసేపటికి ఒరిగిపోయిన దుంగ వెనకాల, అరవై అడుగుల దూరంలో, ఎర్రతల ఒకటి పైకి లేచి ఆగిపోయింది. ఎప్పటిలాగే అర్జీ వింటున్నాడు.

ఇదే సమయం. ఇంతకంటే దగ్గరికొచ్చాక చేస్తే ఆయనకి అనుమానం వస్తుంది. వెల్డా పెదవులు పళ్ల మీదకి బిగిశాయి. నాలుక సందు దగ్గరికి చేరింది. ఒక్క కూత, అంతే.

ఆమెకి తాత గుర్తొచ్చాడని చెబితే బాగుంటుంది గానీ, ఆ క్షణంలో ఆమెకి తాత గుర్తు రాలేదట. భుజానికి ఆనుకుని ఉన్న భుజం వెచ్చగా ఉంది. ఎంత తేలికైపోయాడో తెలుస్తోంది. ఆ భుజం మీదే కదా తనని మూడు మైళ్లు మోసింది. పెదవులు వదులు చేసింది. తృప్తిగా గింజలు ఏరుకునే పెట్ట తీసే కూనిరాగం, తనకొచ్చిన కూతలన్నింట్లోకీ మెత్తనిది, కల్తీ లేకుండా తీసింది.

జడ్జి దుంగ దాటాడు. నాలుగేళ్లలో మొదటిసారి అర్జీ మంజూరు చేశాడు. తోక విప్పి, రెక్కలు నేలకి రాస్తూ, గుండె మీద గడ్డంలాంటి ఈకల కుచ్చు ఊగుతుండగా, నేరుగా వచ్చాడు. యాభై అడుగులు, నలభై, ముప్పై. హర్షెల్ తుపాకీ భుజానికెత్తాడు. వెల్డా కళ్లు మూసుకుంది.

"టక్."

అంత చండాలమైన కూత ఆ కొండ మీద అంతకు ముందు ఎవరూ కూయలేదు. వెంటనే ఇంకొకటి, "టక్, టక్" అని. కళ్లు తెరిచేసరికి జడ్జి మెడ బారెడు సాగి ఉంది. మరుక్షణం పొదలు విరుచుకుంటూ వాలులోకి పరుగు, ఆ పైన రెక్కల చప్పుడు, ఆ పైన ఏమీ లేదు. హర్షెల్ తుపాకీ దించి, నోరు తుడుచుకుంటున్నాడు.

"ఏంటయ్యా అది?" అంది, పెదవులు కనపడేలా అతని వైపు తిరిగి.

"పిలుపు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నేను కూద్దామనుకున్న కూతే వచ్చింది."

ఆమె నవ్వలేదు. అతను కూడా నవ్వు మానేశాడు.

"పొద్దున లేచేసరికి కొడదామనే ఉంది పిల్లా. అబద్ధమెందుకూ. దుంగ దగ్గర వాడు ఆగినప్పుడు నీ మూతి చూశాను. బిగించావు."

అతనికి చెవులు లేకపోతేనేం, ఇన్నేళ్లుగా తన మూతి చదివినవాడు. తనకి తట్టనే లేదు.

"బిగించాను" అంది.

"మరి కూయలేదేం?"

"నీకోసం పిలవమన్నావు కదా."

"అదీ. బిగించి, మళ్లీ వదిలావే, ఇంక నా వేలు ఆడలేదు." తుపాకీ మడిచి తూటా బయటికి తీసి, బొటనవేలితో పేరు రుద్దుకున్నాడు. "నన్ను చూడనిచ్చావు, అది చాల్లే. బలే ఉన్నాడు కదే, దొంగముండాకొడుకు."

కొండ దిగేసరికి గార్లండ్ పికప్ రోడ్డు పక్కనే ఉంది. ఇంకో నలుగురు దాన్ని ఆనుకుని, తెల్లారినప్పట్నించీ తుపాకీ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డారు. హర్షెల్ వాళ్లని వెంటేసుకుని ఇంటికెళ్లి, ఫ్రిజ్ మీదున్న డబ్బా దించి, మూత తీసి పదిహేడో తూటా వేశాడు. గార్లండ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. వెల్డా అందరికీ రొట్టెలు కాల్చి పెట్టింది. తూటా ఎందుకు పేలలేదో మాత్రం ఇద్దరూ చెప్పలేదు. చాలా కాలం తరవాత ఆమె ఒక్కతే చెప్పింది.

హర్షెల్ ఆ ఏడాది వేసవి అంతా ఉన్నాడు. ఆగస్టులో పికప్‌లో ఆమె పక్కన కూర్చుని, ఎర్ర అట్ట పుస్తకంలో పిల్లల లెక్క తనే రాశాడు. తొమ్మిది. జనవరిలో మంచు కురుస్తున్న పూట పోయాడు. మట్టి గడ్డకట్టి ఉంటే గార్లండూ స్టేషన్‌వాళ్లూ గునపాలతో తవ్వారు. "పక్షుల ప్రాణదాత" బిళ్లని పెట్టెలో ఆయన చేతికింద పెట్టింది వెల్డా.

లోయ మాట మీద నిలబడింది. రెండో ఆగస్టుకి లెక్క ఇరవై ఆరు. అద్భుతమేమీ కాదు, కానీ నాలుగుతో పోలిస్తే బాగానే ఉంది. మూడో వసంతానికి ముందు అందరూ వెల్డా వంటింటికి వచ్చి ఎవరి పేరున్న తూటా వాళ్లు ఏరుకున్నారు. డబ్బా అడుగున ఒకటి మిగిలింది. గార్లండ్ దాన్ని తీసి ఆమెకివ్వబోయాడు.

"ఉండనీ" అంది. "మళ్లీ ఎప్పుడైనా ఆగాల్సొస్తే, మొదటిది పడే ఉంటది." మూత పెట్టి డబ్బాని ఫ్రిజ్ మీదకి ఎక్కించింది.

వేట మొదటి రోజు గార్లండ్ తనకోసం పిలవమని అడిగాడు. తెల్లవారుతుండగా ఇద్దరూ అదే ఓక్ చెట్టుకి ఆనుకుని కూర్చున్నారు. వెల్డా పిలిచింది. పైగట్టు నుంచి ఒకటి, దాని వెనకే పడమటి వాలు నుంచి ఇంకొకటి, రెండు పుంజులు జవాబిచ్చాయి. ఆమె చెయ్యి దానంతటదే పక్కకి వెళ్లి మోకాలు నొక్కింది. గార్లండ్‌కి చెవులు శుభ్రంగా వినపడతాయి. అయినా మోకాలు కదపలేదు.